ఒడి పట్టని రాణి

ముందుగా ఒక మాట. నా రాతలో తప్పులుంటే మన్నించండి. మనవరాలు బడికి పోయే వయసులో నేనూ దాని పక్కన కూర్చుని అక్షరాలు దిద్దాను. ఒక పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. వత్తులు ఇప్పటికీ నా మాట వినవు. నవలలో ఇది నడిమి అధ్యాయమే అయినా, ఇదొక్కటే చదివినవాళ్ళకు కూడా కథ తెలిసేటట్టు రాశాను. ఓపికతో చదివేవాళ్ళకు దండాలు.

*

వినాయక్ ఫోను చేసినప్పుడు దీపాలి ఒక పెళ్ళికొడుకు తాగుతాడా లేదా అని, ఆ వీధిలో పాలు పోసే ఆవిడను అడుగుతోంది. నాందేడులో డిటెక్టివ్ ఆఫీసని బోర్డు కట్టిన నాటి నుంచి ఆమె గడప తొక్కినవన్నీ అట్లాంటి పనులే. దొంగతనం కేసు ఇదే మొదటిది. అందుకే ఆటోలో కూర్చున్నంతసేపూ ఆమె మనసులోనే వినాయక్‌కు దండం పెట్టుకుంది. పోలీసుల కన్నా ముందు తనను తలుచుకున్నాడు. ఊళ్ళో ఇంతమంది ఉండగా తనను తలుచుకున్నాడు.

పెళ్ళిళ్ళు జరిగే ఒక మంగళ్ కార్యాలయ్‌లో మేళా పెట్టారు. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ కథలంటే పడిచచ్చే పిల్లలూ పెద్దలూ నచ్చిన వేషాలు కట్టుకుని వచ్చారు. పెళ్ళికొడుకు కుర్చీ వేసే వేదిక మీద ఇద్దరు రోబోలు ఏదో వాదించుకుంటున్నారు. గేటు దగ్గర మూడు కళ్ళ మనిషి ఒకడు మూడో కన్ను నెత్తి మీదికి నెట్టుకుని చెమట తుడుచుకుంటున్నాడు. సాయంత్రం మంచి వేషానికి బహుమతి ఇస్తారు.

మేళా నడిపే ముఖ్యుడు వినాయక్. మనిషి భారీగా ఉంటాడు, మాట మాత్రం మెత్తన. దీపాలిని చూడగానే చాయ్ తెప్పించి జరిగింది చెప్పాడు. సర్ఖని ఊరి రైతు దేవన్న పొలంలో కొన్నేళ్ళ కింద ఆకాశం నుంచి ఒక రాయి పడింది. దాన్ని తానే పోయి బతిమాలి తెచ్చి, లోపలి వరండాలో గాజుపెట్టెలో పెట్టాడు. మేళాకు వచ్చిన వాళ్ళందరూ ముందు ఆ రాయిని చూశాకే తక్కినవి చూస్తున్నారు. మధ్యాహ్నం అందరూ భోజనాల గదిలో ఉన్న వేళ అది మాయమయింది. దొంగ కూడా దొరికినట్టే. మంచుదీవి రాణి వేషం కట్టిన స్నేహల్ అనే నర్సు. ఆ రాణి వేషం తప్ప ఆ వేళప్పుడు వరండాలో ఇంకెవరూ కనిపించలేదు. ఆమె పేరు పోటీలోంచి కొట్టేశామని, ఎందుకు కొట్టేశామో కూడా తానే మైకులో చెప్పానని వినాయక్ నొచ్చుకుంటున్నట్టుగా అన్నాడు. దేవన్నకు కబురు పోయింది, బస్సులో వస్తున్నాడు. పోలీసులు వచ్చేలోగా దీపాలి ఒకసారి చూసి, అవునని రెండు ముక్కలు రాసిస్తే పని తొందరగా తెమిలిపోతుంది.

"నీ మీద భరోసతోనే పిలిచిన, దీపాలి తాయీ," అన్నాడు.

ఆమె కళ్ళు చెమర్చినంత పనయింది.

పెళ్ళికూతురిని ముస్తాబు చేసే గదిలో స్నేహల్‌ను కూర్చోబెట్టారు. వేషం తీసేసి సల్వార్ కమీజులో ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. తలుపు దగ్గర సూర్యకాంత్ నిలబడ్డాడు. హవల్దారుగా రిటైరై, ఇట్లాంటి మేళాలకూ పెళ్ళిళ్ళకూ కాపలా మనుషులను పంపే పని పెట్టుకున్నాడు. దీపాలి అంటే అతనికి మొదటి నుంచీ చిన్నచూపే.

"అచ్చినవా, జాసూస్ మేడం," అన్నాడు. "ఈడ పెళ్ళికొడుకు ఎవలు లేరు, వాకబు జెయ్యనీకి."

దీపాలి విననట్టే స్నేహల్ పక్కన కూర్చుంది. మాటల్లో తెలిసింది, ఆ పిల్లది ధర్మాబాద్ అవతల సరిహద్దు ఊరు. తల్లి ఇప్పటికీ కూలికి పోతుంది. ఆ ఇంట్లో నెల జీతం మొహం చూసింది స్నేహల్ ఒక్కతే. పోలీసు జీపు ఎక్కితే రేపు ఆస్పత్రి వాళ్ళు గేటు లోపలికి రానివ్వరు. మందులూ సూదులూ ఉండే వార్డులో దొంగ అన్న పేరున్న మనిషిని ఎవరు ఉంచుకుంటారు?

మధ్యాహ్నం ఎక్కడున్నావని దీపాలి అడిగింది.

"జెరమచ్చిందక్కా. గా మాస్కుల ఊపిరాడలే. వేషం తీసి ఈ గదిలనే కొక్కేనికి తగిలిచ్చి, పక్కన గాదీలు పెట్టే గది ఉన్నది సూడు, గాడ పండుకున్న. లేసేసరికి మైకుల నా పేరు జెప్తున్నరు."

"నిన్ను ఎవలన్న సూసిండ్రా?"

"ఎవలు సూస్తరు. అందరు బువ్వ కాడనే ఉండిరి."

సూర్యకాంత్ తలుపు దగ్గర నుంచి సకిలించినట్టు నవ్వాడు. చూసినవాళ్ళు ఉన్నారన్నాడు, అయితే నిద్రపోతుంటే కాదు. అతను బయటికి చెయ్యి ఊపగానే బాబ్లీ నుంచి వచ్చిన ముసలావిడ లోపలికి వచ్చింది. పేరు రుక్మాబాయి. నొసట పెద్ద కుంకుమ, చేతిలో గుడ్డ సంచి. స్నేహల్‌ను చూడగానే మొహమంతా వికసించింది. కాపలా వాళ్ళు చుట్టూ ఎందుకున్నారో ఆమెకింకా తెలియదు.

ఆమె సంగతి ఆమే చెప్పుకుంది. చేనులో పాము కరిచి ఆస్పత్రిలో పడి ఉన్నప్పుడు కన్నకొడుకులు కూడా చూడలేక బయటికి పోయి నిలబడితే, ఈ పోరి మాత్రం తెల్లవార్లూ తన చెయ్యి వదలలేదట. బతికి ఇంటికి పోతే పుట్టింటికి వచ్చిన కూతురికి బియ్యంతో నింపినట్టు నీకు ఒడి నింపుతానని అప్పుడే అనుకుందట. ఈ రోజు పసుపు కలిపిన బియ్యం, ఖణమనే రవికె గుడ్డ, కొబ్బరికాయ, ఖర్జూరాలు, వక్కలు అన్నీ సర్దుకుని ఆస్పత్రికి పోతే, స్నేహల్ సెలవు పెట్టి ఈ మేళాకు పోయిందన్నారు. గేటు దగ్గర అడిగితే కొమ్ముల మాస్కు పెట్టుకున్న తెల్లరాణి ఆమేనన్నారు.

"అంత ఎతికిన బిడ్డా. గా వరండల గాజుపెట్టె కాడ దొరికింది. బొట్టు పెడుదమంటె మొఖమేది? గా మాస్కు మీదనే పెట్టిన. ఒడి నింపిన. నా పాణం సల్లబడ్డది."

స్నేహల్ తెల్లబోయింది. "అవ్వా, నాకా? నువ్వు నాకెప్పుడు నింపినవు?"

సూర్యకాంత్ దీపాలి వైపు తిరిగి, ఇంకేం కావాలి అన్నట్టు రెండు చేతులూ విప్పాడు. గాజుపెట్టె పక్కన, సరిగ్గా ఆ వేళకు, రాణి వేషంలో స్నేహల్. చెప్పింది ఆమెకు మేలు కోరే మనిషి. మాస్కు మీద కుంకుమ ఇంకా ఉంది.

రుక్మాబాయికి అప్పుడు అర్థమయింది తన మాట ఎవరి మెడకు చుట్టుకుందో. "నా నోరు పడిపోను," అని కూలబడింది. మేలు చేసిన బిడ్డకు కీడు చేయడానికే ఇంతదూరం వచ్చానా అని ఆమె కొంగు నోట్లో కుక్కుకుంటుంటే దీపాలి చూడలేకపోయింది. లేచి వరండాలోకి పోయింది.

గాజుపెట్టెకు అసలు తాళమే వెయ్యలేదు. పైమూత ఎత్తి రాయి తీసుకున్నారంతే. మేళా వాళ్ళకు తాళం మీద నమ్మకం లేక కాదు, అందరూ మనవాళ్ళే కదా అనుకున్నారు. పెట్టె కింద నేల మీద నాలుగైదు పచ్చటి గింజలు పడి ఉన్నాయి. ఒడిబియ్యమే. రుక్మాబాయి ఇక్కడే నిలబడిందన్న మాట నిజం.

దీపాలి తిరిగి గదిలోకి వచ్చి రాణి వేషాన్ని కొక్కెం మీద నుంచి దించింది. స్నేహల్ దోమతెర గుడ్డలతో కుట్టుకున్న పొడుగాటి తెల్లని వస్త్రం అది, భుజాల మీది నుంచి పాదాల దాకా దిగుతుంది. మోచేతుల దాకా వచ్చే తెల్లని చేతి తొడుగులున్నాయి. ఆ తొడుగుల అరచేతులు పసుపు పచ్చగా మారాయి. కుడిచేతి బొటనవేలి దగ్గర కుట్టు పిగిలిపోయింది.

"సూసినవా, తొడుగులకు పసుపు," అన్నాడు సూర్యకాంత్.

"సూసిన." దీపాలి ఆ తెల్లని వస్త్రం అంచులు రెండూ వెలుతురులోకి లాగి, మంచం మీద పరిచింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. దోమతెర గుడ్డ కదా, ఈగ వాలినా మరక తెలుస్తుంది. ఎక్కడా చుక్క పసుపు లేదు.

ఆమె రుక్మాబాయి ముందు గొంతుక్కూర్చుంది. "అవ్వా, జెర యాదికి తెచ్చుకో. నువ్వు ఒడి పట్టమన్నప్పుడు రాణి ఏం జేసింది?"

ముసలావిడ కొంచెం తటపటాయించింది. తప్పు పట్టినట్టవుతుందని అప్పుడు ఎవరితోనూ అనలేదట. "అటు సూసింది, ఇటు సూసింది. మల్ల రెండు చేతులు చాపింది, గుడిల పస్సాదం పట్టినట్టు. పట్నంల ఉంటది గదా, మరిసిందేమొ అనుకున్న. ఖణం, కొబ్బరికాయ, బియ్యం గా దోసిట్లనే పోసిన. కొన్ని కింద పడ్డయి. ఒక్క మాటన్న మాట్లాడలే."

"నీ సంచిల ఇంక బియ్యం ఉన్నయా?"

"అడుగున కొన్ని ఉన్నయి."

"అయితె ఇప్పుడు నింపు. ఈడనే."

సూర్యకాంత్ ఇది ఆటనుకుంటున్నావా అన్నాడు. రుక్మాబాయి గుప్పెడు పచ్చబియ్యం తీసి స్నేహల్ ఎదుట నిలబడి, బిడ్డా, ఒడి పట్టు అంది. స్నేహల్ ఏడుస్తోంది, ఎందుకు పట్టాలో కూడా అడగలేదు. లేచి నిలబడింది. రెండు చేతులూ వాటంతట అవే దుపట్టా కొసలను అందుకుని, నడుము ముందు జోలెలా పరిచాయి. తల వంచుకుంది. బియ్యం గుడ్డలో పడ్డ చప్పుడు గదిలో అందరికీ వినిపించింది.

"దాదా," అంది దీపాలి మెల్లగా, "మీ ఇంట్ల అక్కచెల్లెండ్లకు ఒడి నింపుతరు గదా. ఎవలన్న చేతులు చాపుతరా?"

సూర్యకాంత్ గడ్డం గీరుకున్నాడు. చాపరు. కానీ ఒప్పుకోవడానికి అతని మీసం అడ్డొచ్చింది. "దొంగతనం జేసే తొందరల ఒడి యాదికుంటదా ఎవలకన్న?"

"ఇప్పుడు ఆమెకు ఏం యాదికున్నది? ఏడుస్తాంది. జెరంతోని ఉన్నది. అయినా చేతులు ఏడికి పోయినయో సూస్తివి గదా. గా వేషంల ఉన్నది ఒడి పట్టుడు ఎరుగని మనిషి. చేతులు పెద్దయి, తొడుగు పిగిలింది. నాకైతె మొగోడే అనిపిస్తాంది."

వినాయక్ ఎప్పుడు వచ్చాడో, గుమ్మంలో నిలబడి ఉన్నాడు. దీపాలి తెలివిని మెచ్చుకున్నాడు. అయితే ఇదంతా ఆడవాళ్ళ ఆచారం, స్టేషన్‌లో చెల్లదు కదా అని విచారంగా తల ఊపాడు.

"చెల్లదు, సర్. కానీ ఒకటుంది," అంది దీపాలి. "ఒడిబియ్యం ఎవలు పారెయ్యరు. ఇంటికి తీస్కపొయ్యి వండుకుని తింటరు. స్నేహల్ సంచిల ఒక్క గింజ లేదు. అంటే దొంగ ఏడనో పారబోసిండు. గేటు కాడ సూర్యకాంత్ దాదా మనుషులు అందరి సంచులు సూస్తున్నరు, రాయి బయటకి పోలేదు. బియ్యం యాడ దొరుకుతయో రాయి గూడ గాడనే ఉంటది. వంటిల్లు కాడికెల్లి మొదలువెట్టి ఎతుకుదం."

సూర్యకాంత్ గొణుగుతూ ఎటో పోయాడు. వినాయక్ తాను వేదిక దగ్గర చూసుకుంటానన్నాడు. దీపాలి వంటింటి వైపు పది అడుగులు వేసి, వెనక్కి తిరిగి, పరుపులు పెట్టే ఆ గాదీల గదిలో దూరి తలుపు ఓరగా పెట్టుకుంది. అక్కడి నుంచి వరండా అంతా, చివర మేడమెట్ల దాకా కనిపిస్తుంది. తలకాయలో ఒక్కటే మాట తిరుగుతోంది. రాయి ఎక్కడుందో తెలిసినవాడైతే ఆగలేడు.

ఆగలేదు. చేతిలో ఖాళీ సంచితో ఒక మనిషి వచ్చాడు. అటూ ఇటూ చూడలేదు, వెదకలేదు. తిన్నగా మెట్ల కిందికి పోయి, అగ్గి ఆర్పడానికి పెట్టిన ఎర్ర ఇసుక బకెట్లలో రెండో దాంట్లో చెయ్యి పెట్టాడు. ఇసుకతో పాటు పచ్చటి గింజలు పైకి వచ్చాయి. కొబ్బరికాయను పక్కకు నెట్టి నల్లని రాయిని బయటికి తీశాడు.

ఇందాక ఆటోలో దీపాలి దండం పెట్టుకున్న మనిషి అతను. కోపం రాలేదు, ముందు సిగ్గు వచ్చింది. తర్వాతే కాళ్ళు కదిలాయి.

"వినాయక్ సర్," అంది తలుపు తీసి.

అతను ఉలిక్కిపడలేదు. పసిపిల్లను అందించినట్టు రాయిని ఆమె చేతుల్లో పెట్టాడు. ఎవరైనా ఏదైనా ఇస్తే పుచ్చుకునే అలవాటు కొద్దీ ఆమె పుచ్చుకుంది.

"ఇప్పుడు రాయి ఎవరి చేతుల ఉన్నది, తాయీ?" అన్నాడు అంతే మెత్తగా. ముంబైలో ఒకాయన ఈ రాయి కోసం ఎప్పటి నుంచో అడుగుతున్నాడట. ఈ మేళా నడపడానికి ఎంత తిరిగాడో, ఎవరి కాళ్ళు పట్టుకున్నాడో ఎవరికీ అక్కర్లేదట. పెళ్ళి సంబంధాల డిటెక్టివ్ కాబట్టి చెప్పింది రాసిచ్చి పోతుందనుకుని పిలిచాడట. తర్వాత గొంతు పెంచి, సూర్యకాంత్‌ను పిలిచాడు.

"ఈడనే ఉన్న, సర్."

జవాబు నెత్తి మీది నుంచి వచ్చింది. సూర్యకాంత్ మెట్ల మలుపులో కూర్చుని ఉన్నాడు. ఒక్కొక్క మెట్టే దిగాడు. "ఈ జాసూస్ మేడం వంటింటికి పోతనని జెప్పి గాదీల గదిలకు పోయింది. ఏందో సూద్దమని పైకెల్లి కూసున్న. అంత సూసిన, అంత ఇన్న." వినాయక్ చెయ్యి పట్టి తిప్పాడు. గోళ్ళ సందుల్లో పసుపు ఉంది.

దీపాలి థ్యాంక్స్ అంది. అతనితో ఆ మాట అనడం అదే మొదటిసారి. సూర్యకాంత్ వినబడనట్టు మొహం తిప్పుకున్నాడు గానీ, చెవులు ఎర్రబడ్డాయి.

పోలీసుల కన్నా ముందు దేవన్న చేరాడు. ధోతీ, తెల్లటోపీ, బస్సు దుమ్ము. దీపాలి జరిగింది చెప్పి రెండు చేతులతో రాయి అందించింది. సంతోషిస్తాడనుకుంది. అతను దాని వైపు చూశాడు, అక్కడున్న వాళ్ళ వైపు చూశాడు. నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

"ఇది గది కాదు బిడ్డా," అన్నాడు చివరికి. "గా రాయి మా దేవుని గూట్ల ఉన్నది. శెందూరం పెట్టి దీపం పెడ్తం. గూట్లకెల్లి దేవున్ని ఎట్ల తీసి పంపుత? ఈ సారు ఇంటికచ్చి అడుగంగ అడుగంగ కాదనలేకపోయిన. మా గట్టు మీది నల్లరాయి కడిగి, బట్టల సుట్టి ఇచ్చిన. జెర సూసి మల్ల తెచ్చిస్తరనుకున్న. ఇంత అయితదని నాకేం ఎరుక."

వినాయక్ ముందు నమ్మలేదు. అతను అసలు రాయిని చూసింది దీపం వెలుతురులో, సిందూరం కింద. నమ్మాక నవ్వడం మొదలుపెట్టాడు. మరి ఇంకేం దొంగతనం? గట్టు మీది రాయి పోతే కేసు ఎవరు రాసుకుంటారు? నడవండి, అందరం ఇళ్ళకు పోదాం.

సూర్యకాంత్ పట్టు ఒక క్షణం సడలింది. దీపాలికి అది కనిపించింది. రాయికి విలువ లేదంటే దొంగతనం లేదు, దొంగతనం లేదంటే విచారణ లేదు. వేషాలు విప్పి జనం ఇళ్ళకు పోతారు. కానీ మధ్యాహ్నం మైకులో విన్న పేరు మాత్రం అందరి చెవుల్లో అట్లాగే ఉండిపోతుంది. రేపు ఆస్పత్రి గేటు దాకా నడిచిపోతుంది.

"పోలీసులు కేసు రాస్తరో లేదో వాళ్ళిష్టం," అంది ఆమె. "మీరు ఏ మైకుల అన్నరో గా మైకుల మల్ల చెప్పుండ్రి, సర్. గంతే అడుగుతున్న."

వినాయక్ చెప్పనన్నాడు. కావాలంటే నువ్వే చెప్పుకో, నీ మాట ఎవరు వింటారో చూద్దాం అన్నాడు.

"నేను జెప్త," అన్నాడు దేవన్న.

అతను వేదిక ఎక్కుతుంటే రోబోలు పక్కకు జరిగారు. మైకు ముందు నిలబడి టోపీ సర్దుకున్నాడు. బజారులో ధారాళంగా మాట్లాడే మరాఠీ, ఇన్ని తలకాయలను చూసేసరికి గొంతు దాటి రాలేదు. నా పేరు దేవన్న, మాది సర్ఖని అని తెలుగులోనే మొదలుపెట్టాడు. హాల్లో చాలామందికి అర్థం కాలేదు. ఎవరో గట్టిగా, మరాఠీలో చెప్పు కాకా అన్నారు. దేవన్న దిక్కులు చూశాడు.

అప్పుడు స్నేహల్ లేచింది. రుక్మాబాయి చెయ్యి వదిలించుకుని, జ్వరం ఒంటితోనే వేదిక ఎక్కి పక్కన నిలబడింది. ఆస్పత్రిలో ఊరి ముసలివాళ్ళ మాటలు డాక్టర్లకు చెప్పే పని ఆమెకు రోజూ ఉన్నదే. దేవన్న ఒక మాట చెప్పాడు, ఆమె మరాఠీలో చెప్పింది. దేవుని గూటిలో రాయి సంగతి చెప్పాడు, చెప్పింది. గట్టు మీది రాయి కడిగి ఇచ్చానన్నాడు. ఆమె ఆ మాట చెప్పగానే కొమ్ముల వాళ్ళూ తోకల వాళ్ళూ పగలబడి నవ్వారు. దేవన్న కూడా బోసిగా నవ్వాడు. గా రాయి తీసింది మీ వినాయక్ సారే, ఈ బిడ్డ వేషం తొడుక్కుని తీసిండు అన్నాడు. ఆమె ఆ మాటా చెప్పింది. నవ్వులు ఆగిపోయాయి.

దేవన్న ఆమె వైపు తిరిగాడు. "మీరందరు ఇనుండ్రి. ఈ బిడ్డ దొంగ కాదు. నా రాయి వల్ల ఈమెకు మాట అచ్చింది. దండం పెట్టి చెప్తున్న, ఈ బిడ్డ దొంగ కాదు."

స్నేహల్ నోరు తెరిచింది. మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. పెదవులు కదిలాయి, మైకులో ఊపిరి చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. హాలంతా ఎదురుచూస్తోంది. ముందు వరుసలో మూడు కళ్ళ మనిషి మాస్కు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తానే పైకి పోదామని దీపాలి ఒక అడుగు వేసింది.

వేదిక కింద నుంచి ఒక గొంతు లేచింది. సూర్యకాంత్ ఒక చేత్తో వినాయక్ మణికట్టు పట్టుకునే, అటెన్షన్‌లో నిలబడ్డ హవల్దారులా మెడ నిటారుగా పెట్టి దేవన్న చివరి మాటనే మరాఠీలో అన్నాడు: "హీ ముల్గీ చోర్ నాహీ."

ఎవరికీ వినపడలేదేమోనని మరోసారి అన్నాడు. మైకు అవసరం లేని గొంతు అది. లోపల గిన్నెలు కడిగేవాళ్ళు కూడా కుళాయి కట్టేసి విన్నారు.

*

సంగవ్వ
వయసు అరవై నాలుగు
ప్రస్తుతం ధర్మాబాద్‌లో కూతురి ఇంట్లో ఉంటున్నాను